వెంకయ్యకు కప్పిన శాలువా

ఆ రోజు నేను చేసిన తప్పు చప్పట్లు కొట్టడం. చేతులు కట్టుకుని ఊరుకున్నా సగం తప్పుతో పోయేది. ఒకరికి కప్పవలసిన శాలువా మరొకరికి కప్పానని తెలిసిన తర్వాత, సముద్రపు ఒడ్డున నూరుమంది ఎదుట, అందరికంటే ముందు మొదలుపెట్టి అందరికంటే చివర ఆపాను.

నెల్లూరు తీరం చూడనివారి కోసం ఈ ప్రయాణం రాస్తున్నాను. దారి, తిండి, మనుషులు అన్నీ చెబుతాను. తప్పును మొదటే చెప్పడానికి కారణం ఉంది. మధ్యలో ఎక్కడైనా చెబుదామనుకుంటే, దాన్ని దాటేసి చేపల పులుసు గురించి రాసి ఊరుకుంటానేమోనని నా మీద నాకే అనుమానం.

ఎందుకు బయలుదేరానంటే

మద్రాసులో ఒక గ్రామఫోను కంపెనీ తెలుగు విభాగంలో నా ఉద్యోగం. ప్లేటు మధ్యన అతికించే గుండ్రని కాగితం మీద పాట పేరు, పాడినవారి పేరు రాసి అచ్చుకు పంపడం నా పని. అప్పుడప్పుడు టేపు యంత్రం మోసుకుని పల్లెలకు వెళ్లి పాటలు పట్టి తేవడం కూడా. సొంత ఊరు తెనాలి దగ్గర.

అంతకు ముందు ఏడాది మైపాడుకు దక్షిణంగా ఉన్న ఒక పట్టపుపాలెంలో, అంటే చేపలు పట్టేవాళ్ల ఊళ్లో, వల లాగే పాటలు రెండు పట్టుకొచ్చాను. రెంటినీ ఇద్దరు వేర్వేరు మనుషులు చెప్పారు. కంపెనీ వాటిలో ఒకటే ప్లేటుగా వేసింది. ఆ ప్లేటుకు బహుమానం వచ్చింది.

దేశంలో ప్లేట్లు వేసే కంపెనీలన్నీ కలిసి ఏడాదికోసారి మంచి ప్లేట్లకు బహుమానాలిస్తాయి. ఆ ఏడు సభ మద్రాసులో జరిగింది. సినిమా పాటకు బొంబాయి నుంచి వచ్చిన ఆమెకు ఇచ్చారు. ఆమె గంట ఆలస్యంగా వచ్చినా సభ లేచి నిలబడింది. వీణకు ఒక ముసలాయన, షెహనాయికి కాశీ నుంచి ఒకాయన. జానపదం వంతు ఆఖరున వచ్చింది. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. "వెంకయ్య, నెల్లూరు జిల్లా" అని పిలిచారు. ఆహ్వానం పాలెం ముందరి కాలువ దాటక తిరిగి వచ్చినందువల్ల వెంకయ్య రాలేదు. అతని బదులు నేను వేదికెక్కి ప్లేటంత వెండి పళ్లెం, ఎర్రంచు శాలువా, ముద్ర వేసిన ఇంగ్లీషు కాగితం అందుకున్నాను. వాటిని అతనికి చేర్చి రమ్మని కంపెనీ నన్ను పంపింది.

నెల్లూరులో ఒక పూట

రైలు దిగి స్టేషను ఎదుటి హోటల్లో భోజనానికి కూర్చున్నాను. భోజనం ముప్పాతిక రూపాయి. నయాపైసలు వచ్చి ఏళ్లయినా డబ్బులు తీసుకునేవాడు పన్నెండణాలనే అడిగాడు. మొలగొలుకుల బియ్యం గురించి వినడమే కాని తినడం అదే మొదలు. మెతుకు సన్నం, తియ్యన. మా వైపు అన్నం కలుపుకుంటాం. ఇక్కడ అన్నం తనంతట తనే కలిసిపోతుంది.

ఎదుట కూర్చున్న ఆసామిది విడవలూరు. వడ్లు అమ్ముకోవడానికి వచ్చాడట. నేను రెండోసారి అన్నం పెట్టించుకోవడం చూసి నవ్వాడు.

"యా ఊరయ్యా మీది?"

"తెనాలి."

"అందుకే. మీ బియ్యం కొరికి తినాల, మావి మింగితే చాలు." నా పక్కనున్న మూట చూశాడు. "ఏందది, పెండ్లి బట్టలా?"

బహుమానం సంగతి చెప్పాను. ఆయన మజ్జిగ పోసుకోబోతూ ఆగాడు. "పట్టపోళ్లకా? తాడు లాగేటప్పుడు అరుస్తారే, అదా? దానికి ఢిల్లీవోళ్లు శాలువా కప్పుతుండారా?"

"ఢిల్లీ కాదండీ, కంపెనీలు."

"ఎవురైతే ఏందిలే. మేమూ నాట్లప్పుడు అరుస్తాం. ఈసారి పెట్టె తీసుకుని మా ఊరికి రా." లేస్తూ నా భోజనానికి కూడా తనే డబ్బులిచ్చాడు. వద్దన్నా వినలేదు. "మా జిల్లాకు శాలువా తెచ్చినావు గదా," అన్నాడు.

కాలువ అవతల

మర్నాడు పొద్దున ఇందుకూరుపేట బస్సెక్కాను. పాలెంవాళ్లకు ఇవ్వడానికి అదే పాట ప్లేట్లు మూడు తెచ్చాను. ఒకామె అరటి గెలతో వచ్చి వాటి మీద కూర్చుంది. ఒకటి పగిలింది. ఆమె ముక్కలు చేతిలోకి తీసుకుని, "అట్లపెనమా సామీ? అతికిస్తే పనికొస్తాదిలే," అని ఓదార్చింది.

ఇందుకూరుపేటలో కోటారెడ్డి గారనే ఆసామి ఎద్దులబండి అద్దెకు దొరికింది. వరిచేల మధ్య కొంత దూరం, తర్వాత సరుగుడు తోటలు, ఆపైన ఇసుక. బకింగ్‌హాం కాలువ దగ్గర బండి ఆగిపోతుంది. ఉప్పు బస్తాలు, కట్టెలు వేసుకున్న పెద్ద పడవలు మద్రాసు వైపు పోతున్నాయి. ఒడ్డున మనుషులు తాడు భుజాన వేసుకుని వాటిని లాగుతున్నారు. కాలువ దాటించే చిన్న పడవకు రెండణాలు. పడవవాడు నన్ను గుర్తుపట్టాడు.

"పెట్టె అయ్యగారు కదా. పెట్టె యాడ?"

"ఈసారి పెట్టె లేదు. మీ వెంకయ్యకు బహుమానం తెచ్చాను."

"వెంకయ్యకా?" అని గెడ వేయడం మాని నా వైపు తిరిగాడు. "పెంచలయ్యకేమో అనుకున్నా."

ఎందుకలా అనుకున్నావని అడగలేదు. పడవ అడ్డం తిరిగితే శాలువా తడుస్తుందని మూట ఎత్తి పట్టుకున్నాను. అడిగి ఉంటే ఈ కథనం ఇక్కడే అయిపోయేది.

శాలువా

పాలెం అంటే తాటాకు ఇళ్లు అరవై దాకా, వాటి ముందర ఇసుకలో ఎండే చేపలు, ఆపైన సముద్రం. అక్కడి తీర్పులన్నీ పెద్దకాపు చేతిలో ఉంటాయి. పెద్దకాపు అంటే వాళ్లలోనే పెద్దమనిషి. ఆయన మాట దాటితే ఊళ్లో నిప్పు కూడా ఇవ్వరట. మా వైపు పంచాయతీ ప్రెసిడెంటు మాట ఆయన భార్యే వినదు.

సాయంత్రం ఎండ తగ్గాక వలలు దాచే కొట్టం ముందు అందరూ చేరారు. నేను సభ గురించి చెప్పాను. సినిమా పాటలామె ఎర్రగా ఉంటుందా, నల్లగా ఉంటుందా అని ఆడవాళ్లు అడిగారు. భోజనం పెట్టారా అని మగవాళ్లు అడిగారు. కాఫీ, బిస్కత్తులేనంటే పెద్దకాపు తల ఆడించాడు. "అంత దూరం పిలిచి బిస్కత్తా," అన్నాడు.

వెంకయ్యను ముందుకు రమ్మన్నాను. పాతికేళ్లవాడు, బక్కపలచన. వాడి ముఖం నాకు గుర్తు లేదు. పోయిన ఏడాది తెల్లారకముందు చీకట్లో పాటలు పట్టాను. ముఖాలు కాదు, గొంతులే నాకు గుర్తుండేవి. శాలువా కప్పి, పళ్లెం చేతికిచ్చి, కాగితం చదివి తెలుగులో చెప్పాను. దేశం మొత్తం మీద ఇదే మంచి పాట అన్న చోట పిలకాయలు ఈల వేశారు.

"ఒకపాలి ఎత్తుకోరా," అన్నాడు పెద్దకాపు.

వెంకయ్య సిగ్గుపడుతూ ఎత్తుకున్నాడు. సన్నని గొంతు, పైకి పోయి అక్కడే నిలిచే గొంతు. బాగుంది. కాని ప్లేటులో ఉన్నది అది కాదు. ప్లేటులోది బరువైన గొంతు. మాట సగంలో ఆపి, అవతలివాళ్లను కాచుకోనిచ్చి, అప్పుడు వదిలే గొంతు. ఆ పాటను నేను ఆఫీసులో నలభైసార్లు విన్నాను. వెంకయ్య రెండో చరణం అందుకునేలోపే నాకు తెలిసిపోయింది.

ప్లేటు మోగించే యంత్రం ఆ పాలెంలో లేదు. తమ పాటను వాళ్లెవరూ ఇంతవరకు వినలేదు. ఇద్దరు పాడారు, ఒకటి గెలిచింది, కాగితం వెంకయ్య అంటోంది, కాబట్టి వెంకయ్యే. నేను తప్ప కాదని చెప్పగలవాడు అక్కడ లేడు. కంపెనీకి ఏం చెప్పాలి, మేనేజరు ఏమంటాడు అని ఆలోచిస్తూ చప్పట్లు కొట్టాను.

అప్పుడు పెద్దకాపు లేచాడు.

"దేశంలో బాగుందన్నోడి పాట మన వలకు లేకుంటే ఎట్టా? రేపట్నించి పెద్దవలకు వెంకయ్య చెప్తాడు. పాట గంప వాడిది."

ఇక్కడి ఆచారం ఒకటి చెప్పాలి. పెద్దవలను ఒడ్డు మీద నుంచి నలభైమంది తాళ్లతో లాగుతారు. పాట చెప్పేవాడు తాడు పట్టడు. అటూ ఇటూ నడుస్తూ పాట చెబుతాడు, మిగిలినవాళ్లు బదులు పలుకుతారు. లాగినవాళ్ల పాళ్లు పంచకముందే ఒక గంప చేపలు పాట చెప్పినవాడికి పెడతారు. దాన్ని పాట గంప అంటారు. అప్పటిదాకా ఆ గంప పెంచలయ్యది.

గుంపు వెనక ఒక మనిషి, నలభై అయిదేళ్లుంటాయి, కుడి భుజం కొంచెం కిందికి జారి ఉంది. అందరితో పాటు అతనూ చప్పట్లు కొట్టాడు.

పోలమ్మ చెప్పిన పేరు

పొద్దు గూకే వేళ ఒకామె ఎండిన చేపలు ఎత్తిపెడుతూ ఉంది. పోయిన ఏడాది నాకు పేరు చెప్పినామెను గుర్తుపట్టాను. పేరు పోలమ్మ, పెంచలయ్య భార్య. ఆ రోజు పాటలు పట్టగానే మగవాళ్లు పడవలెక్కి వెళ్లిపోయారు. మొదటి పాట, అంటే తర్వాత ప్లేటుగా వచ్చినది, పాడినవాడు ఎవరని అడిగితే, మా ఇంటాయన అంది. పేరేమిటంటే ఒక మాట చెప్పింది. నేను రాసుకున్నాను.

"పోయిన ఏడాది నాకు పేరు చెప్పింది నువ్వే కదమ్మా," అన్నాను.

"పేరు నేనేడ చెప్పినాను సామీ? ఇంటాయన పేరు నోటితో చెప్తామా? కోనసామి పేరన్నాను."

"కొండసామి కాదా?"

"కొండ యాడొచ్చింది? కోన. రాపూరు కాడ ఉండాదే, ఆ కోన."

గాలిలో ఆమె మాట నాకు కొండ అని వినపడింది. కొండసామి అంటే వెంకటేశ్వరుడు. ఈ ఊళ్లో పాట పాడే వెంకయ్య ఉన్నాడా అని దారిన పోయేవాణ్ణి అడిగాను. ఉండాడు అన్నాడు. మొదటి పాట కింద వెంకయ్య అని రాసేశాను, రెండో పాట కింద పేరు అడగకుండా ఖాళీగా వదిలేశాను. నెల్లూరు జిల్లాలో కోనసామి అంటే పెంచలకోన నరసింహస్వామి అని చిన్నపిల్లలకూ తెలుసు. ఆమె ఆ కోన పూర్తి పేరు చెప్పలేదు. చెబితే అందులోనే మగడి పేరు వచ్చేస్తుంది. మా ఇంట్లో నా భార్య కూడా నా పేరు పలకదు. పోస్టుమాను అడిగితే మా అబ్బాయిని పిలుస్తుంది. ఆ సంగతి తెలిసిన నేను ఇంకొక నిమిషం నిలబడి అడగవలసింది.

పోలమ్మ చేతిలో గంప దించింది. "ఎందుకడుగుతుండావు? ఆ ప్లేటులో ఉండేది ఎవురి గొంతు?"

"చూసి చెబుతాను," అన్నాను.

చూడవలసింది ఏమీ లేదు.

"చూడు సామీ. శాలువా వాడు కప్పుకున్నా, ఈయన కప్పుకున్నా నాకొకటే. గంప మాట చూడు. ఆయన భుజం జారినాక తాడు లాగలేడు. తాడు లాగకుంటే చేపల్లో పాలు లేదు. ఆ గంపతోనే మేము తింటుండాం."

తాడు

తెల్లవారుతుండగా వల లాగారు. వెంకయ్య అటూ ఇటూ నడుస్తూ చెబుతున్నాడు. నలభైమందిలో పెంచలయ్య కూడా తాడు పట్టాడు. కుడి చెయ్యి పని చేయక ఎడమ చేత్తో పట్టి, నడుముకు తాడు ఆనించి వెనక్కి వాలుతున్నాడు. పక్కవాడు, "నువ్వు ఊరికే పట్టుకో చాలన్నా," అంటే, "ఊరికే పట్టుకునేదానికి పాలు ఊరికే పెడతారా," అన్నాడు.

చేపలు పడ్డాయి. గంప వెంకయ్య ముందు పెట్టారు. వాడు దాని వైపు చూడకుండా, "పెంచలన్నా, సగం నువ్వు తీసుకో," అన్నాడు.

"నీ గంప నువ్వు ఎత్తుకో అబ్బయ్యా. పాట బాగుందని చెప్పింది నేనా, దేశమా?"

నేను మూట కట్టుకుని బయలుదేరుతుంటే పెంచలయ్య కాలువ దాకా వచ్చాడు. దారిలో ఒకటే అడిగాడు.

"అయ్యా, వెంకయ్య పాటకు మేమంతా బదులు పలికినాం కదా. ఆ పలకడం వినపడతాదా ప్లేటులో?"

"వినపడుతుంది," అన్నాను.

అతను తృప్తి పడ్డాడు. పడవ కదిలేదాకా నిలబడ్డాడు.

ఇందుకూరుపేటలో పులుసు

బండి దిగేసరికి మధ్యాహ్నం. బస్సుకు ఇంకా టైముందని కోటారెడ్డి గారు భోజనానికి కూర్చోబెట్టారు. అరవై దాటిన మనిషి, మాట కరుకు. చేపల పులుసు ముందు రోజుది. పచ్చిమామిడికాయ వేసి కాచి, ఒక రాత్రి ఉంచి తింటారు ఇక్కడ. మా వైపు నిన్నటి కూర పెడితే వచ్చినవాడు అలుగుతాడు. ఇక్కడ ఈ పూటదే పెడితే అలుగుతాడట.

వాళ్ల వసారాలో గ్రామఫోను ఉంది. పాలెంలో ఇవ్వడానికి మొహం చెల్లక వెనక్కి తెచ్చిన ప్లేట్లలో ఒకటి ఆయన నా మూటలోంచి తీసి పెట్టారు. పెంచలయ్య గొంతు ఇంటినిండా వచ్చింది. ఆ పాటలో, నా టేపు యంత్రాన్ని చూసి అప్పటికప్పుడు కట్టిన చరణం ఒకటుంది. పట్నం నుంచి పెట్టె వచ్చింది, పెట్టెకు ఆకలేసింది, దానికి ఒక చేప వేయండిరా అని. వెనక నలభైమంది నవ్వుతూ బదులు పలుకుతారు.

రెడ్డిగారు కూడా నవ్వారు. "ఎవురయ్యా ఈయన?"

"పెంచలయ్య," అన్నాను. ఆ పేరు నా నోట రావడం అదే మొదటిసారి.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ప్లేటు మధ్య కాగితం చూశారు. "దీంట్లో వెంకయ్యని ఉండాదే."

"నేనే రాశాను. తప్పు రాశాను." అని జరిగిందంతా చెప్పాను. చప్పట్లు, గంప, భుజం, కాలువ ఒడ్డున అడిగిన ప్రశ్న.

రెడ్డిగారు ప్లేటు తీసి పక్కన పెట్టారు. నేను మళ్లీ అన్నం కలుపుకోబోయాను.

"మరి ఈడ కూర్చుని పులుసు పోసుకుంటుండావేంది?"

చెయ్యి కడుక్కున్నాను. ఆయన గ్రామఫోను ఎత్తి బండిలో పెట్టించారు. "కీ ఎక్కువ తిప్పబాక, తెగిపోతాది. ముల్లు ప్లేటుకొకటి మార్చు," అని చెప్పి, ముళ్ల డబ్బా నా జేబులో తనే వేశారు.

కొట్టంలో

గ్రామఫోనును ఒళ్లో పెట్టుకుని కాలువ దాటాను. పడవవాడు ఈసారి ఏమీ అడగలేదు. డబ్బులు మాత్రం నాలుగణాలు తీసుకున్నాడు, పెట్టెకు కూడా కలిపి.

గాలికి వినపడదని వలల కొట్టంలో పెట్టాను. పెద్దకాపు వచ్చాడు, వెంకయ్య శాలువాతోనే వచ్చాడు. పెంచలయ్య కడపటి వరసలో గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. నేను నోటితో చెప్పవలసిన మాటను ప్లేటు మీదికి నెట్టి, కీ తిప్పి ముల్లు దించాను. అది కూడా పిరికితనమే.

మొదటి మాట వచ్చింది. అందరికంటే ముందు తెలుసుకున్నవాడు వెంకయ్య.

"ఇది నా గొంతు కాదు," అన్నాడు. "పెంచలన్నది."

పెంచలయ్య తన గొంతును గుర్తుపట్టలేదు. అటూ ఇటూ చూశాడు. పెట్టెకు ఆకలేసిందన్న మాట రాగానే, "అది నేను కట్టినదే," అన్నాడు మెల్లగా.

పాట అయిపోయాక వెంకయ్య శాలువా తీసి మడత పెట్టాడు. పెంచలయ్య జారిన భుజం మీద వేశాడు. "ఒక రోజు కప్పుకున్నా. బో వెచ్చగా ఉంది. నీకు సరిపోతాది," అన్నాడు. కొందరు నవ్వారు. వాడు నవ్వలేదు.

పెద్దకాపు నా వైపు తిరిగాడు. "తప్పు యాడ జరిగింది?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఒకామె అంది. "పోలమ్మే చెప్పింటాది తికమకగా. మగడి పేరు అడిగితే ఊళ్లన్నీ తిప్పుతాది."

నవ్వులు లేచాయి. పోలమ్మ తల వంచుకుంది. నేను ఊరుకుంటే ఆ తప్పు అక్కడితో ఆమె మీద నిలిచిపోయేది.

"ఆమె సరిగానే చెప్పింది," అన్నాను. "కోన అంది. నేను కొండ అని విన్నాను. పాడినవాణ్ణి అడక్కుండా రాశాను. నిన్న వెంకయ్య పాట ఎత్తుకోగానే ఇది కాదని నాకు తెలిసింది. తెలిసి కూడా చప్పట్లు కొట్టాను."

"నిన్ననే తెలిసిందా?"

"తెలిసింది."

"ఈయన తాడు లాగేది చూసినావు గదా పొద్దున."

"చూశాను."

పెద్దకాపు, "మా పాలెంలో తప్పు చేసినోడు తప్పు కట్టాల," అన్నాడు. ఎంత కట్టమంటారని అడిగాను. "డబ్బు కట్టబాక. అది నీదో కంపెనీదో మాకు తెలవదు. రేపు తాడు పట్టు. గంప ఎప్పటిమాదిరే పెంచలయ్యది."

పొద్దున తాడు పట్టాను. తడి తాడు అరచేతులను పావుగంటలో కోసేస్తుంది. పెంచలయ్య శాలువా ఇంట్లో పెట్టి వచ్చి పాట చెప్పాడు. తెనాలి చెయ్యి వెన్నముద్ద, దాన్ని ఉప్పులో వేస్తే ఏమవుతుంది అని కొత్త చరణం కట్టాడు. నలభైమందీ సంతోషంగా బదులు పలికారు. నేనూ పలికాను. ముందు రోజు తను ఎత్తుకున్న గంపకు బదులుగా వెంకయ్య తన పాలి చేపలు, వాటితో పాటు వెండి పళ్లెం తీసుకెళ్లి పోలమ్మ గుమ్మంలో దించాడు. నేను అతనితో మాట్లాడబోతే, పని ఉందని పడవ వైపు పోయాడు.

మద్రాసులో

మేనేజరు అంతా విని, "అచ్చుతప్పని ఒక ముక్క రాసి పంపండి, సరిపోతుంది," అన్నాడు. అచ్చువాళ్లు నేను రాసిందే అచ్చువేశారు. బహుమానాల కమిటీకి జరిగింది జరిగినట్టు రాసి నా పేరు పెట్టాను. వాళ్లు వెంకయ్య పేరు కొట్టేసి పెంచలయ్య పేరు వేసి కొత్త కాగితం పంపారు. నన్ను లేబుళ్ల బల్ల నుంచి గోడౌనుకు మార్చారు. అక్కడ అమ్ముడుపోకుండా ఉన్న ఆ ప్లేట్లన్నిటి మీదా సరైన పేరు చీటీ నా చేత్తో అతికించాను. మౌంటు రోడ్డు దుకాణాల్లో ఉన్నవాటికి ఆదివారాలు తిరిగి అతికించాను. ఇళ్లకు వెళ్లిపోయినవాటిని ఏమీ చేయలేకపోయాను.

మిగిలింది వెంకయ్య. అతని పాట ఉన్న టేపు మీద కంపెనీ ఇంకేదో పట్టేసింది. ఒక రోజు అతన్ని దేశం మెచ్చినవాడనిపించి, మర్నాడు నూరుమందిలో కాదనిపించాను. అతను ఎవరికీ ఏ తప్పూ చేయలేదు.

మరుసటి ఏడు సెలవు పెట్టి, టేపు యంత్రం అద్దెకు తీసుకుని వెళ్లాను. మొదట వద్దన్నాడు. "మళ్లా ఇంకెవురికో కప్పుతారు," అన్నాడు. శాలువా లేదు, బహుమానం లేదు, కంపెనీ కూడా లేదు, నేనే వచ్చానని చెప్పాను. రెండో రోజు ఒప్పుకున్నాడు. వల లాగేటప్పుడు పెంచలయ్య ఆ పూటకు చోటిచ్చి, బదులు పలికేవాళ్లలో నిలబడ్డాడు. యంత్రం తిప్పి, ముందు నీ పేరు నువ్వే చెప్పు అన్నాను.

ఆ పాట ఏ కంపెనీ వేయలేదు. ఇద్దరు ముగ్గురిని అడిగి చూశాను. టేపు మా ఇంట్లో ఉంది. వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చి వినిపిస్తాను. మొదట గాలి, తర్వాత గొంతు సవరించుకోవడం, ఆపైన "వెంకయ్య" అని ఒక మాట, కొంచెం గట్టిగా. అప్పుడు పాట.